పిల్లలకు ఈత నేర్పే ముందూ, నేర్పిన తరువాతా

వేసవి సెలవులలోనూ, వానలకు చెరువులు కుంటలు నిండే నెలలలోనూ మన దినపత్రికలలో ఒకే రకమైన వార్త పదే పదే కనబడుతుంది. ఈతకు వెళ్ళిన పిల్లలు తిరిగి రాలేదు. చాలాసార్లు ఒకరు కాదు, ఇద్దరో ముగ్గురో. ఆ వార్త చదివిన తల్లిదండ్రులలో కొందరు "మా వాడిని నీళ్ళ దగ్గరకే పోనివ్వను" అంటారు. మరికొందరు "వెంటనే ఈత నేర్పించేస్తే ఇక భయం ఉండదు" అంటారు. రెండు మాటలలోనూ సగమే నిజం. నీటికి దూరంగా పెంచిన పిల్లవాడు ఏదో ఒకరోజు మనకు చెప్పకుండా స్నేహితులతో కాలువకు వెళ్తాడు. ఆరోజు వాడికి నీటి గురించి ఏమీ తెలియదు. ఇక ఈత వచ్చిన పిల్లవాడు కూడా మునిగిపోగలడు. కాబట్టి ఏ వయసులో ఏ నీటితో ప్రమాదం, ఈత ఎప్పుడు ఎలా నేర్పాలి, నేర్పిన తరువాత కూడా మనం మానకూడని జాగ్రత్త ఏమిటి అనే సంగతులు ఈ పాఠంలో తెలుసుకుందాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగోవంతు ఐదేళ్ళలోపు పిల్లలు. ఐదేళ్ళలోపు పిల్లలు ఈతకు వెళ్ళరు గదా, మరి వారు ఎక్కడ మునుగుతున్నారు?

ఇంటిలోని నీరు

చిన్నపిల్లలు మునిగేది చాలావరకు ఇంటిలో, లేదా ఇంటి చుట్టుపక్కల. మూత వేయని సంపు, బట్టలు నానబెట్టిన బకెట్, పశువుల కుడితి తొట్టి, పెరటిలోని నీళ్ళ గాబు, ఇల్లు కట్టడానికి తవ్వి వదిలిన గుంత, ఇవే ప్రమాద స్థలాలు. కొత్తగా నడక నేర్చిన బిడ్డకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. బకెట్ అంచు పట్టుకొని లోపల ఉన్న చెంబు కోసం వంగితే తలకిందులుగా పడిపోతుంది. నీళ్ళ బరువుకు బకెట్ ఒరగదు. తిరిగి లేచే బలం బిడ్డకు లేదు. జానెడు లోతు కూడా అక్కరలేదు, ముక్కూ నోరూ మునిగితే చాలు.

ఇక్కడ తల్లులు తప్పక గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. సినిమాలలో మునిగేవారు చేతులు పైకెత్తి "రక్షించండి" అని కేకలు వేస్తారు. నిజంగా మునిగే బిడ్డ చప్పుడు చేయదు. నోరు నీటిలో ఉన్నప్పుడు కేక ఎలా వస్తుంది? ఒక నిమిషంలోపే అంతా నిశ్శబ్దంగా జరిగిపోవచ్చు. నాలుగైదు నిమిషాలపాటు ప్రాణవాయువు అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పొయ్యి మీద పాలు పొంగకుండా చూసి, గుమ్మంలోకి వచ్చినవారితో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేటంత సమయమే అది. "ఏడిస్తే వినబడుతుందిలే" అనుకోవడం అందుకే పనికిరాదు. మన పెద్దలు పసిపిల్లల కాళ్ళకు గజ్జెలు కట్టేవారు. బిడ్డ ఎటు పోతున్నదో చప్పుడును బట్టి తెలిసేది. మంచి అలవాటే, కాని గజ్జెలు కాపలా కావు.

బంగ్లాదేశ్ పల్లెలలో చేసిన పరిశీలనలలో చిన్నపిల్లల మునకలు ఎక్కువగా ఉదయం 9 నుండి మధ్యాహ్నం 1 గంట లోపల జరుగుతున్నట్లు తేలింది. తల్లి వంటలో, తండ్రి పొలంలో ఉండే వేళ అది. ఆ వేళకు ఊరి పిల్లలను ఒకచోట చేర్చి చూసుకోవడానికి అక్కడ 'ఆంచల్' అనే శిశు కేంద్రాలు పెట్టారు. వాటికి వచ్చిన పిల్లలలో మునక మరణాలు ఐదింట నాలుగు వంతులకు పైగా తగ్గాయి. మందు లేదు, యంత్రం లేదు. ఒక మనిషి ఆ నాలుగు గంటలు పిల్లలను చూస్తూ ఉండడమే జరిగింది. మన ఊరి అంగన్‌వాడీని గుడ్డూ పాలూ ఇచ్చే చోటుగా మాత్రమే చూస్తున్నాము. మూడేళ్ళు దాటిన బిడ్డను రోజూ అక్కడకు పంపిస్తే ఈ కాపలా కూడా దొరుకుతుంది.

ఇంటిలో చేయవలసిన పనులకు పెద్ద ఖర్చు లేదు. వాడిన వెంటనే బకెట్లు, టబ్బులు బోర్లించండి. సంపుకు బరువైన మూత ఉంచి తాళం వేయండి. ట్యాంకర్ వచ్చిన రోజున మూత తీసి మరచిపోవడం చాలా ఇళ్ళలో జరుగుతుంది. స్నానాల గది గడియ బిడ్డకు అందనంత ఎత్తున ఉండాలి. పసిబిడ్డను టబ్బులో కూర్చోబెట్టి తువ్వాలు కోసం కూడా వెళ్ళకండి, వెళ్ళవలసి వస్తే బిడ్డను ఎత్తుకొని వెళ్ళండి. ఎనిమిదేళ్ళ అక్కకు తమ్ముడిని అప్పగించి "చూస్తూ ఉండు" అనడం ఆ పాపకు మోయలేని భారం.

ఊరి బయట నీరు

ఐదారేళ్ళు దాటిన పిల్లలకు ప్రమాదం గడప దాటుతుంది. ప్రతి నీటికీ ఒక గుణం ఉంటుంది, అది పిల్లలకు ముందే చెప్పాలి. సిమెంటు లైనింగ్ వేసిన కాలువ గట్టు పాచి పట్టి జారుతుంది. దిగడం తేలిక, ఎక్కడం కష్టం. పొలాలలో ప్లాస్టిక్ షీటు పరచిన నీటికుంటలు ఇంకా ప్రమాదకరం. లోతు తక్కువే అయినా షీటు మీద కాలు నిలవదు, పెద్దవాళ్ళు కూడా పైకి రాలేరు. అటువంటి కుంట ఉన్న రైతు సోదరులు చుట్టూ కంచె వేయండి. ముడులు వేసిన గట్టి తాడు ఒకటి గట్టున గుంజకు కట్టి నీటిలోకి వదలండి. ఇసుక తవ్విన ఏటిలో మోకాలి లోతు నుండి ఒక్క అడుగులో నిలువెత్తు లోతు వస్తుంది. క్వారీ గుంతల సంగతి చెప్పనే అక్కరలేదు, అక్కడ ఈత వద్దు.

సముద్రం వేరు. చెరువులో ఎంత ఈత వచ్చినా సముద్రంలో అది చాలదు. అలలు విరగకుండా ప్రశాంతంగా కనబడే చోట చాలాసార్లు నీరు లోపలికి లాగుతూ ఉంటుంది. విశాఖపట్నం వెళ్ళినా, బాపట్ల సూర్యలంక వెళ్ళినా కాపలా సిబ్బంది వద్దన్న చోట దిగకండి.

ఈత ఎప్పుడు, ఎలా నేర్పాలి

నాలుగేళ్ళు నిండేవరకు ఈత నేర్పవద్దని పూర్వం పిల్లల వైద్యులు చెప్పేవారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2010లో ఆ అభిప్రాయం మార్చుకుంది. ఏడాది నిండిన పిల్లలు తల్లిదండ్రుల చేతులలో నీటికి అలవాటు పడవచ్చు. ఏడాదిలోపు పాఠాల వలన మునక తగ్గుతుందనే రుజువు లేదు. నాలుగేళ్ళ వయసులో చాలామంది పిల్లలు క్రమంగా నేర్చుకోగలుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరేళ్ళు దాటిన పిల్లలకు ప్రాణరక్షణ ఈత నేర్పమని సలహా ఇస్తున్నది. మన పరిస్థితులలో ఐదారేళ్ళ మధ్య మొదలుపెట్టడం అనువుగా ఉంటుందని మా అభిప్రాయం.

మన ఊళ్ళలో ఈత నేర్పే పద్ధతి తెలిసిందే. వీపుకు మునగబెండో, ఎండిన సొరబుర్రో, ప్లాస్టిక్ డబ్బానో కట్టి, నడుముకు తాడు వేసి బావిలోకి దింపేవారు. తాడు పట్టుకొని మామయ్యో బాబాయో గట్టున నిలబడేవాడు. ఇందులో మంచి ఏమిటంటే ఒక బిడ్డకు ఒక పెద్ద మనిషి ఉండేవాడు. ఇప్పుడు బెండు మిగిలింది, తాడు పట్టుకునే మనిషి పోయాడు. పిల్లలు తామే డబ్బా కట్టుకొని దూకుతున్నారు. ముడి జారినా, ట్యూబు తిరగబడినా అంతే. భయం పోవాలని పిల్లవాడిని ఎత్తి లోతులోకి విసిరివేయడం కూడా మానండి. భయం పోదు, నీటిలో దిగగానే ఊపిరి గట్టిగా లోపలికి పీల్చే అలవాటు పడుతుంది. మునగడానికి అదే దారి.

బిడ్డ నడుము లోతు నీటిలో, మీరు చేయి చాపితే అందేంత దగ్గరలో నిలబడి మొదలుపెట్టండి. మొదటి పాఠం చేతులు కొట్టడం కాదు, ఊపిరి. నోటితో గాలి పీల్చి, ముఖం నీటిలో పెట్టి బుడగలు వదలాలి. ఇది ఆటగా నాలుగైదు రోజులు సాగనివ్వండి. తరువాత వెల్లకిలా తేలడం. మీ అరచేయి బిడ్డ మెడ కింద, రెండో చేయి నడుము కింద ఉంచి, చెవులు నీటిలో మునిగేలా తల వెనక్కి వాల్చమనండి. తల పైకెత్తితే నడుము కిందికి పోతుందని బిడ్డకే తెలుస్తుంది. మెల్లగా ఒక చేయి, తరువాత రెండో చేయి తీయండి. అరనిమిషం ఒంటరిగా తేలగలిగిన బిడ్డకు కేక వేయడానికి, సాయం అందడానికి సమయం దొరుకుతుంది. అందుకే ఇది వచ్చేవరకు వేరే పాఠానికి పోవద్దు. ఆ తరువాత తేలే స్థితి నుండి నిలబడడం, కాళ్ళు కొట్టడం, నీటిలో పడిన వెంటనే వెనక్కి తిరిగి గట్టు పట్టుకోవడం నేర్పాలి. చేతులూ కాళ్ళూ కలిపి వేసే అందమైన ఈత చివరిది.

బంగ్లాదేశ్‌లో 'స్విమ్‌సేఫ్' పేరుతో పల్లె చెరువులలోనే వెదురు వేదికలు కట్టి పిల్లలకు ఈత నేర్పారు. అక్కడ పెట్టుకున్న కొలత మనకూ పనికివస్తుంది. 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు నీటిపై నిలవాలి, నీటిలో దిగకుండా ఇంకొకరిని రక్షించడం తెలియాలి. చివరి రోజులలో ఒకసారి మామూలు బట్టలతో కూడా సాధన చేయించండి. కాలువలో జారిపడే పిల్ల ఈత దుస్తులలో ఉండదు గదా.

దూకవద్దు, విసరండి

ఒకరి వెంట ఒకరు ముగ్గురు చనిపోవడానికి కారణం ప్రేమే. తమ్ముడు మునుగుతుంటే అన్న దూకుతాడు. మునిగేవాడు ప్రాణభయంతో ఎవరు దొరికినా గట్టిగా పట్టుకొని కిందికి నొక్కుతాడు. కాబట్టి ప్రతి బిడ్డకూ ఈ మాట కంఠస్థం చేయించండి. ముందు పెద్దగా అరవాలి. తరువాత గట్టున పడుకొని కర్ర చాపాలి, లేదా తాడో చున్నీయో మూత బిగించిన ఖాళీ సీసానో విసరాలి. నీటిలోకి మాత్రం దూకకూడదు. ఈత రాని బిడ్డ కూడా దీనిని పది నిమిషాలలో నేర్చుకుంటుంది. సండే స్కూలులో ఆటగా ఆడించవచ్చు.

సంఘంగా పిక్నిక్‌కు వెళ్ళినప్పుడు, బాప్తిస్మాలకు కాలువకో ఏటికో వెళ్ళినప్పుడు ఇరవైమంది పెద్దలు ఉంటారు. అందరూ ఉన్నారు గదా అని ఎవరూ చూడరు. పేరు పెట్టి ఒకరికి అప్పగించండి. ఆ ఇరవై నిమిషాలు వారు వంటకాలు వడ్డించకూడదు, సెల్‌ఫోన్ తీయకూడదు, పిల్లలనే చూడాలి. తరువాత ఇంకొకరి వంతు.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

"డాక్టరుగారూ, ఆడపిల్లకు ఈత ఎందుకండీ?" బట్టలు ఉతకడానికి రేవుకు వెళ్ళేది, నీళ్ళు తోడేది, చిన్నవాళ్ళను వెంట తీసుకువెళ్ళేది ఎక్కువగా ఆడపిల్లలే. వారికే ముందు నేర్పాలి. పంజాబీ డ్రెస్సులోనైనా సరే, అక్కో పిన్నో తోడు ఉన్నా సరే, మానిపించకండి.

"మా బాబుకు మూర్ఛ ఉంది, ఈతకు పంపవచ్చా?" మీ వైద్యుని అడగకుండా పంపకండి. అనుమతి ఇచ్చినా, వాడికోసమే ఒక పెద్దమనిషి చేయి అందేంత దూరంలో నీటిలో ఉండాలి. ఇంటిలో స్నానం చేసేటప్పుడు తలుపు గడియ వేయనివ్వకండి, తొట్టిలో కాక చెంబుతో పోసుకోవడం మంచిది.

"చెవి కారుతుంటే?" కర్ణభేరికి రంధ్రం ఉన్నదేమో చూపించుకొని, తగ్గిన తరువాతనే నీటిలో దిగాలి. విరేచనాలు అవుతున్న బిడ్డను కూడా పంపకండి, ఇతర పిల్లలకు అంటుకుంటుంది. ఉబ్బసం అదుపులో ఉన్న పిల్లలు నిరభ్యంతరంగా నేర్చుకోవచ్చు.

"పదిహేను రోజుల క్యాంపులో చేర్పించాము, ఇక ఫరవాలేదు గదా?" ఫరవాలేదనుకోవడమే ప్రమాదం. ఈత కొలనులో నేర్చిన బిడ్డకు ధైర్యం పెరుగుతుంది, కాని పారే నీటి బలం తెలియదు. అటువంటి బిడ్డను మునుపటికంటె ఎక్కువగా కనిపెట్టుకొని ఉండాలి.

మునిగిన బిడ్డను బయటకు తీసినప్పుడు

బిడ్డను తలకిందులుగా వేలాడదీయడం, తలపై పెట్టుకొని గిరగిర తిప్పడం, కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం మన వైపు ఇంకా చేస్తున్నారు. వీటివలన కడుపులోని నీరు, అన్నం ఊపిరితిత్తులలోకి పోతాయి, విలువైన నిమిషాలు పోతాయి. బిడ్డకు కావలసినది గాలి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఊపిరి లేకపోతే తల కొద్దిగా వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ముందుగా రెండు నుండి ఐదు సార్లు రొమ్ము పైకి లేచేలా ఊదండి. పసిబిడ్డకైతే ముక్కు, నోరు రెండూ కలిపి మీ నోటితో మూసి మెల్లగా ఊదాలి. కదలిక రాకపోతే రొమ్ము మధ్య ఎముకపై నిమిషానికి 100 నుండి 120 సార్ల వేగంతో, రొమ్ము మందంలో మూడో వంతు దిగేలా 30 సార్లు నొక్కి, మళ్ళీ 2 సార్లు ఊదాలి. పిల్లలకు ఒక అరచేయి, పసిబిడ్డకు రెండు బొటనవేళ్ళు లేదా ఒక అరచేతి మడమ చాలు. అంబులెన్సు వచ్చేవరకు, లేదా బిడ్డ ఊపిరి తీసుకునేవరకు ఆపకండి.

ఊపిరి తిరిగి వచ్చి, బిడ్డ లేచి కూర్చొని మాట్లాడినా ఇంటికి తీసుకువెళ్ళవద్దు. ఊపిరితిత్తులలోకి నీరు పోయి ఉంటే కొన్ని గంటల తరువాత ఆయాసం మొదలుకావచ్చు. తడి బట్టలు విప్పి, పొడి దుప్పటి చుట్టి ఆసుపత్రికి తీసుకురండి. బిడ్డ ఎంతసేపు నీటిలో ఉన్నదో, ఊపిరి ఎప్పుడు తిరిగి వచ్చిందో చూసిన మనిషి వెంట రావాలి.