గొంతులోనే ఆగిపోయిన ఏడుపు

ప్రశ్న: నాన్న పోయి ఏడాదైంది. పెద్దకొడుకుని కదా, అమ్మ ముందు కన్నీళ్లు పెట్టలేదు. ఇప్పుడు ఛాతీ పట్టేస్తోంది, నిద్ర లేదు. ఈసీజీ నార్మల్.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈసీజీ బాగున్నంత మాత్రాన మీ బాధ ఉత్తిదైపోదు. దుఃఖాన్ని దిగమింగితే ముఖం మామూలుగానే ఉంటుంది. ఒంట్లో బిగువు మాత్రం సడలదు. పొద్దున లేచేసరికి దవడ నొప్పెడుతోందా? రాత్రంతా పళ్లు బిగబట్టి ఉంటారు.

దిగమింగింది బయటపెట్టడానికి రాయడం ఒక దారి. అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986 అధ్యయనంలో విద్యార్థులు 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ మనసు గాయాల గురించి రాశారు. రాసినప్పుడు దుఃఖం పొంగింది. తర్వాతి నెలల్లో డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. మీరూ నాన్నకు ఉత్తరం రాయండి, చివరిరోజుల్లో చెప్పలేకపోయిన మాటతోనే మొదలుపెట్టి. అయినా నిద్ర కుదరకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అమ్మ దగ్గర ఒక్కసారి ఏడవండి. ఆవిడా మీకోసమే ఆపుకుంటున్నారేమో.