అబ్బాయి కోసం వచ్చే ప్రొబేషన్ ఆఫీసర్

సమస్య

మా చిన్నబ్బాయికి వచ్చే నెలతో 21 నిండుతాయి. ఇంటర్ తర్వాత చదువు మానేసి సెల్ ఫోన్ల దుకాణంలో పనికి కుదిరాడు. స్నేహితుడి మాట విని అదే దుకాణంలో రెండు ఫోన్లు తీశాడు. ఫోన్లు దొరికాయి, తప్పు ఒప్పుకున్నాడు. ఇంతకుముందు వాడి మీద ఏ కేసూ లేదు. నేరం రుజువైందని చెప్పిన కోర్టు, శిక్ష సంగతి తేల్చకుండా ప్రొబేషన్ ఆఫీసర్ నివేదిక అడిగింది. ఆయన ఇంటికి వస్తానని కబురు పెట్టారు. వీధిలో అందరికీ తెలిసిపోతుందన్న భయంతో వాణ్ని హైదరాబాద్‌లో మా తమ్ముడింటికి పంపేశాను. ఆయన వస్తే ఏం చెప్పాలి? వాడికి కానిస్టేబుల్ ఉద్యోగం మీద ఆశ. ఆ దారి మూసుకుపోయినట్టేనా?

— ఒక తల్లి, ప్రకాశం జిల్లా

సలహా

ప్రొబేషన్ అధికారి పోలీసు కాదు. నేరం ఎవరు చేశారో కనిపెట్టడం ఆయన పని కాదు. అది కోర్టు అప్పటికే తేల్చింది. ఇక తేలవలసింది, ఆ మనిషిని జైలుకు పంపాలా, ఇంట్లోనే ఉండనిచ్చి దారిలో పెట్టవచ్చా అన్నది. దీనికి జవాబు కేసు కాగితాల్లో దొరకదు, ఇంటికి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం ఈ అధికారిని పెట్టింది అందుకే. కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఈ పద్ధతి ఇంకా పాతది; మద్రాసు ప్రొబేషన్ చట్టం 1936 నాటిది.

21 ఏళ్ల లోపు వారికి ఈ చట్టంలోని 6వ సెక్షన్ పెద్ద అండ. యావజ్జీవ శిక్ష పడే నేరం కాకపోతే, ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించి చూడకుండా కోర్టు వారిని జైలుకు పంపకూడదు. చూశాక కూడా జైలే తగినదనుకుంటే కారణాలు రాసి పెట్టాలి. లెక్కలోకి వచ్చేది నేరం జరిగిన నాటి వయసు కాదు, శిక్ష సంగతి కోర్టు చూసే నాటి వయసని సుప్రీంకోర్టు చెప్పింది. తల్లి భయపడి చేసిన పని అబ్బాయికే ఎదురు తిరిగేది ఇక్కడే. అతను దొరక్క నివేదిక ఆలస్యమై, వాయిదా పుట్టినరోజు దాటిపోతే ఆ అండ చేజారిపోవచ్చు. అప్పుడు మిగిలేది 4వ సెక్షన్. అది ఏ వయసు వారికైనా వర్తిస్తుంది కానీ, ఇవ్వడమా మానడమా అన్నది కోర్టు విచక్షణ.

మరో చిక్కు కూడా ఉంది. సత్ప్రవర్తన బాండు మీద విడిచిపెట్టాలంటే తప్పు చేసిన వ్యక్తికి గానీ, పూచీదారుకు గానీ స్థిరమైన నివాసమో నిలకడైన పనో ఉందని కోర్టుకు నమ్మకం కలగాలి. కబురు పెడితే ఇంట్లో కనబడని కుర్రాడి గురించి ఏ అధికారీ ఆ మాట ధైర్యంగా రాయలేరు. బెయిలు మీద ఉండి వాయిదాకు రాకపోతే వారంటు పుడుతుంది. అతన్ని వెంటనే రప్పించడం మొదటి పని.

ఇంటికి వచ్చిన అధికారి అడిగేవి మామూలు సంగతులే. చదువు ఎందుకు ఆగింది, ఇంట్లో ఎవరి మాట వింటాడు, తాగుడు ఉందా, సాయంత్రాలు ఎవరితో తిరుగుతాడు, చేసినదానికి బాధపడుతున్నాడా? పక్కింటి వారినీ, చదువు చెప్పిన మాస్టారినీ, దుకాణం యజమానినీ కలవవచ్చు. చిన్న ఊళ్లో ఇది ఏ తల్లికైనా కష్టమే, ఆ బెంగను కొట్టిపారేయకూడదు. అయితే ఆయన రాసే నివేదికను రహస్యంగా ఉంచాలని చట్టమే చెబుతోంది. దానిలోని సారాంశాన్ని కోర్టు అబ్బాయికి తెలిపి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వవచ్చు. బంగారంలాంటి బిడ్డ, స్నేహితుడే చెడగొట్టాడని చెప్పి పంపితే, ఇరుగుపొరుగు మరో మాట చెప్పిననాడు ఇంటివాళ్ల మాటకు విలువ ఉండదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఇకపై అబ్బాయిని రోజూ కనిపెట్టి ఉండే మేనమామనో అన్నయ్యనో ఎదురుగా కూర్చోబెట్టడం ఎన్నో రెట్లు మేలు.

బాండు గడువు మూడేళ్లకు మించదు. కోర్టు పర్యవేక్షణ ఉత్తర్వు కూడా ఇస్తే అది కనీసం ఏడాది నడుస్తుంది. ఎక్కడ ఉండాలి, మత్తుకు దూరంగా ఉండాలి వంటి షరతులు అందులో ఉంటాయి. అసలైన సాయం అప్పుడే మొదలవుతుంది. తన పర్యవేక్షణలో ఉన్నవారికి అవసరమైతే తగిన పని చూపించే ప్రయత్నం చేయడం కూడా చట్టం ఈ అధికారి విధుల్లోనే చేర్చింది. ఆ చట్టం మొత్తంలో మనిషిని మనిషిగా చూసిన చోటు ఇదే అనవచ్చు. దొంగతనం కేసు ఉన్న కుర్రాణ్ని పాత యజమాని గడప తొక్కనివ్వడు, కొత్త యజమాని నమ్మడు. పని లేని చేతులు మళ్లీ ఆ స్నేహితుడి దగ్గరికే తీసుకుపోతాయి. ఐటీఐలో సీటు కోసమో, మెకానిక్ షెడ్డులో పని కోసమో ఒక ప్రభుత్వాధికారి నోరు తెరిచి అడిగితే ఆ మాటకుండే బరువు వేరు. దుకాణదారుకు నష్టపరిహారం కట్టమని కోర్టు చెబితే, దాన్ని తీర్చుకునే దారి చూపడం కూడా ఆయన విధే.

షరతు తప్పితే కోర్టు అసలు నేరానికే శిక్ష వేయగలదు. మొదటిసారి అయితే 50 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. నడవడిక బాగుంటే గడువుకు ముందే బాండు రద్దు చేయమని అధికారి కోర్టును కోరవచ్చు.

ఉద్యోగం విషయంలో ఆశ, జాగ్రత్త రెండూ అవసరం. ప్రొబేషన్ మీద విడుదలైన వారికి, నేరం రుజువైనందువల్ల ఇతర చట్టాల కింద కలిగే అనర్హత ఉండదని 12వ సెక్షన్ చెబుతుంది. అంతమాత్రాన నేరం రుజువైన సంగతి చెరిగిపోదని 1990లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పోలీసు నియామకాల్లో నడవడిక విచారణ తప్పదు. ఫారంలో కేసు సంగతి దాచిపెట్టడం, కేసు కన్నా ఎక్కువ చేటు చేస్తుంది. దారి మూసుకుపోయిందనడం సరికాదు, ఉద్యోగం వస్తుందని మాట ఇవ్వడమూ న్యాయం కాదు.

ఒకవేళ జైలు శిక్షే పడినా అప్పీలులో ప్రొబేషన్ అడగవచ్చు. 16 ఏళ్ల కుర్రాడి కేసులో 1964లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. మెజారిటీ తీర్పు రాసింది తెలుగువాడైన కోకా సుబ్బారావు. వకీలు ఫీజు భారమైతే 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం గురించి అడగవచ్చు. కానీ ముందు, పుట్టినరోజు రాకముందే, అబ్బాయి ఆ అధికారి ఎదుట కూర్చోవాలి.