ఎట్లా తెలుసు? – ధమ్మ మార్గంలో మొదటి ప్రశ్న





తత్వశాస్త్రం, తర్కశాస్త్రం అనగానే అవేవో కాలేజీలో లావుపాటి పుస్తకాలు చదివినవాళ్ల వ్యవహారం అనుకుంటాం. కానీ బజారులో వంకాయను తిప్పి తిప్పి చూసే ప్రతి తల్లికీ తర్కం తెలుసు. అమ్మేవాడు "లేతవి తల్లీ" అన్నంత మాత్రాన సంచిలో వేసుకోదు. తొడిమ చూస్తుంది, పుచ్చు ఉందేమో చూస్తుంది, నొక్కి చూస్తుంది. అదే తల్లి, "పెద్దలు చెప్పారు" అంటే మాత్రం ఏమీ చూడకుండా బిడ్డ పెళ్లికి ముహూర్తం పెట్టిస్తుంది. వంకాయ దగ్గరున్న తెలివి ముహూర్తం దగ్గర ఏమైంది? తెలివి ఎక్కడికీ పోలేదు. అక్కడ అడగకూడదని మనకు తరతరాలుగా నేర్పారు.

మన విషయంలో ఇది చిన్న సంగతి కాదు. మన తాతముత్తాతలను ఊరి బయట ఉంచడానికి బలంతో పాటు ఒక మాట కూడా పనిచేసింది. "శాస్త్రంలో అట్లా ఉంది" అనే మాట. ఎక్కడుంది, ఎవరు రాశారు, రాసినవాడికి ఎట్లా తెలుసు అని అడగడానికి వీల్లేకుండా మనకు చదువే లేకుండా చేశారు. అందుకే ధమ్మంలోకి వచ్చిన మనిషి మొదట చేతిలోకి తీసుకోవలసిన పనిముట్టు ఈ ప్రశ్న: "ఎట్లా తెలుసు?"

కాలాముల సందేహం

కోసల దేశంలో కేసపుత్త అనే ఊరు ఉండేది. అక్కడి ప్రజలను కాలాములు అనేవారు. బుద్ధుడు ఆ ఊరికి వచ్చినప్పుడు వాళ్లు తమ ఇబ్బంది చెప్పుకున్నారు. రకరకాల గురువులు మా ఊరికి వస్తారు, ప్రతివాడూ తన మాటే నిజమంటాడు, పక్కవాడి మాట తప్పంటాడు, మేం ఎవరిని నమ్మాలి? ఇదీ వాళ్ల ప్రశ్న. ఇది అంగుత్తర నికాయంలో ఉన్న సుత్తం. కాలామ సుత్తం అంటారు.

బుద్ధుడు వాళ్ల సందేహాన్ని తప్పు పట్టలేదు. సందేహించవలసిన చోటే సందేహించారు అని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత, ఫలానా కారణం ఒక్కటే చూసి ఏ మాటనూ ఒప్పుకోవద్దని పది కారణాలు చెప్పాడు. వాటిని మన మాటల్లో చెప్పుకుందాం. ఎప్పటినుంచో వింటున్నాం అని, పరంపరగా వస్తోంది అని, నలుగురూ అనుకుంటున్నారు అని, గ్రంథంలో ఉంది అని, తర్కానికి నిలిచింది అని, ఊహకు అందింది అని, పైకి చూస్తే సబబుగానే ఉంది అని, మన అభిప్రాయంతో కలిసింది అని, చెప్పేవాడు యోగ్యుడిలా కనిపిస్తున్నాడు అని, ఈయన మా గురువు అని.

ఈ జాబితాలో మూడోదానికి పాళీలో వాడిన పదం "ఇతికిర". అందులోని "కిర" అంటే మన తెలుగులో "అట". "ఆ చింతచెట్టు మీద దెయ్యం ఉందట." "ఆమె చెయ్యి మంచిది కాదట." ఈ "అట" ఎంత గడుసు మాటో చూడండి. చెప్పినవాడికి బాధ్యత ఉండదు, విన్నవాడికి అనుమానం రాదు. మధ్యలో ఒక ఒంటరి ఆడమనిషి చేతబడి చేసిందన్న నిందతో దెబ్బలు తింటుంది. "అట" వినపడిన ప్రతిచోటా ఆగి, "ఎవరు చూశారు?" అని అడగండి. ఒక ప్రాణం నిలబడవచ్చు.

పదోది కూడా గమనించండి. "మా గురువు చెప్పాడు" అన్నది కూడా చాలదన్నాడు బుద్ధుడు. అంటే తన మాటను కూడా ఆ జాబితాలోనే పెట్టుకున్నాడు.

మరి దేన్ని బట్టి ఒప్పుకోవాలి? ఈ పని లోభం నుంచి, ద్వేషం నుంచి, మోహం నుంచి పుట్టిందా? చేస్తే నాకూ ఎదుటివారికీ హాని కలుగుతుందా? వివేకం ఉన్నవాళ్లు దీన్ని తప్పు పడతారా? మీకు మీరుగా తెలుసుకుని, హాని చేసేదాన్ని వదలండి, మేలు చేసేదాన్ని పట్టుకుని నడవండి అన్నాడు. కొందరు ఈ సుత్తాన్ని "ఎవరికి తోచింది వాళ్లు నమ్మవచ్చు" అని అర్థం చేసుకుంటారు. అట్లా కాదు. నాకు తోచింది అన్నదాన్ని కూడా పరీక్షించమనే ఆయన చెప్పాడు.

తర్కం కూడా చాలదా?

ఆ పదింటిలో తర్కం కూడా ఉంది. ధమ్మం హేతుబద్ధం అంటాం కదా, మరి తర్కాన్ని ఎందుకు చేర్చాడు?

తర్కం తిరగలి లాంటిది. జొన్నలు పోస్తే జొన్నపిండి వస్తుంది, రాళ్లు పోస్తే రాతిపొడి వస్తుంది. తిరగలి మాత్రం రెండుసార్లూ సరిగ్గానే తిరిగింది. ఈ వాదం చూడండి: "పూర్వజన్మలో పాపం చేసినవాళ్లు తక్కువ కులంలో పుడతారు. నువ్వు ఆ కులంలో పుట్టావు. కాబట్టి నువ్వు పాపం చేశావు." తిరగలి తిరిగినట్టే ఉంది. అందులో పోసిందేమిటో చూడాలి. నేను పాపం చేశానని ఎట్లా తెలుసు? ఈ కులంలో పుట్టావు కాబట్టి. ఈ కులం తక్కువని ఎట్లా తెలుసు? పాపం చేసినవాళ్లే ఇందులో పుడతారు కాబట్టి. రెండు తాగుబోతులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డట్టు, ఒక మాట రెండోదాన్ని ఆనుకుంది, రెండోది మొదటిదాన్ని ఆనుకుంది. తర్కశాస్త్రంలో దీనికి పేరుంది, అన్యోన్యాశ్రయ దోషం. ఇంత బలహీనమైన వాదం మీద ఎన్ని తరాల బతుకులు అణగారిపోయాయో తలుచుకుంటే, తర్కం నేర్చుకోవడం ఎందుకో వేరే చెప్పనక్కర లేదు.

వాదాన్ని పరీక్షించడానికి బుద్ధుడు వాడిన పద్ధతి మజ్ఝిమ నికాయంలోని అస్సలాయన సుత్తంలో కనబడుతుంది. అస్సలాయనుడు పదహారేళ్ల బ్రాహ్మణ యువకుడు, వేదాలు చదివినవాడు. సావత్థిలో బ్రాహ్మణులు అతన్ని బుద్ధునితో వాదానికి పంపారు. బ్రాహ్మణులే శ్రేష్ఠులు, వాళ్లు బ్రహ్మ నోటి నుంచి పుట్టారు అన్నది అతని వాదం. బుద్ధుడు కోప్పడలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ప్రశ్నలు వేశాడు. బ్రాహ్మణ స్త్రీలు కూడా గర్భం దాల్చి, కని, పాలివ్వడం మనం చూస్తున్నాం కదా? యోన, కాంబోజ దేశాల్లో యజమాని, బానిస అనే రెండే వర్గాలు ఉన్నాయని, యజమాని బానిస కావచ్చని, బానిస యజమాని కావచ్చని విన్నావా? చందనం కర్రతో రాజేసిన నిప్పూ, కుక్క తాగే తొట్టి కర్రతో రాజేసిన నిప్పూ వేడిలో, వెలుగులో వేరుగా ఉంటాయా? ప్రతి ప్రశ్నకూ ఆ కుర్రాడు నిజాయితీగానే జవాబిచ్చాడు. చివరికి తల వంచుకుని కూర్చున్నాడు.

"అంతటా ఇంతే, ఎప్పుడూ ఇంతే" అనేవాడికి "ఫలానా చోట అట్లా లేదే" అని ఒక్క ఉదాహరణ చూపిస్తే చాలు, ఆ "అంతటా" పడిపోతుంది. ఇది ఎవరైనా వాడగల పనిముట్టు.

దిఙ్నాగుని మూడు పరీక్షలు

బుద్ధుని తర్వాత బౌద్ధ పండితులు ఈ విద్యను శాస్త్రంగా పెంచారు. వాళ్లలో పెద్దవాడు దిఙ్నాగుడు. 5, 6 శతాబ్దాల ప్రాంతం వాడు, ప్రమాణసముచ్చయం రాసినవాడు. తెలుసుకోవడానికి నమ్మదగిన దారులు రెండే అన్నాడు: ప్రత్యక్షం, అనుమానం. 7వ శతాబ్దంలో ఆంధ్ర దేశానికి వచ్చిన చైనా భిక్షువు హుయాన్ త్సాంగ్, వేంగి నగరానికి దగ్గర్లో ఒక కొండ మీద స్తూపం ఉందనీ, దిఙ్నాగుడు హేతువిద్య గ్రంథం రాసింది అక్కడేననీ తన యాత్రా గ్రంథంలో చెప్పాడు. ఆ వేంగి ఇప్పటి ఏలూరు దగ్గరి పెదవేగి. ఈ విద్యకు మన నేలతో అంత దగ్గరి సంబంధం ఉంది.

"కొండ మీద పొగ ఉంది, కాబట్టి నిప్పు ఉంది." ఇక్కడ పొగ హేతువు. హేతువు నిలబడాలంటే మూడు పరీక్షలు దాటాలి. ఒకటి, ఆ కొండ మీద నిజంగా పొగ ఉండాలి. అది మంచు కాకూడదు. రెండు, నిప్పు ఉన్న పొయ్యి లాంటి చోట పొగ కనబడాలి. మూడు, నిప్పు లేని చెరువు లాంటి చోట పొగ ఎక్కడా కనబడకూడదు. మూఢనమ్మకాలన్నీ సాధారణంగా మొదటి రెండూ దాటి మూడోదాని దగ్గర పడిపోతాయి.

పొలం పనికి పోయే మనవాళ్లకు తెలిసిన సంగతే తీసుకుందాం. "పాము కరిస్తే మంత్రం వేయించాం, బతికాడు. కాబట్టి మంత్రం పనిచేస్తుంది." మొదటి పరీక్ష: మంత్రం వేయించారా? వేయించారు. రెండోది: బతికినవాళ్లలో మంత్రం వేయించుకున్నవాళ్లు ఉన్నారా? ఉన్నారు. మూడోది: చనిపోయినవాళ్లలో మంత్రం వేయించుకున్నవాళ్లు ఉన్నారా? ఇక్కడ ఊరంతా మౌనం. ఉన్నారు. కానీ వాళ్ల లెక్క ఎవరూ చెప్పరు. బతికినవాడు ఊరంతా తిరిగి చెబుతాడు. పోయినవాడు వచ్చి చెప్పలేడు కదా!

మరి ఆ బతికినవాళ్లు ఎట్లా బతికారు? జెర్రిపోతు, నీరుకట్టె లాంటి చాలా పాములకు మనిషిని చంపే విషం లేదు. విషమున్న పాము కూడా కొన్నిసార్లు విషం ఎక్కించకుండానే కరుస్తుంది. ఆ కాట్లకు మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి విషం ఎక్కిస్తే మాత్రం మంత్రగాడి దగ్గర పోయిన ప్రతి గంటా ప్రాణం మీదికి వస్తుంది. కట్లపాము కాటుకు నొప్పి, వాపు కూడా పెద్దగా ఉండకపోవచ్చు, "ఏం కాదులే" అనిపిస్తుంది. కాబట్టి గాటు పెట్టకండి, నోటితో పీల్చకండి, గట్టిగా కట్టు బిగించకండి. కాలు చెయ్యి కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోండి.

"మరి డాక్టరును మాత్రం ఎందుకు నమ్మాలి?" అని మీలో ఎవరైనా అడిగితే, ఈ పాఠం మీకు అర్థమైనట్టే. తప్పకుండా అడగండి. తేడా ఏమిటంటే, వైద్యశాస్త్రం బతికినవాళ్లనూ పోయినవాళ్లనూ ఇద్దర్నీ లెక్క రాస్తుంది. మందు పనిచేయకపోతే ఆ లెక్కే దాన్ని పట్టిస్తుంది. మంత్రగాడి దగ్గర ఒకవైపు లెక్కే ఉంటుంది.

ప్రశ్న మన ఇంట్లోకి రావాలి

ఎదుటివాడి నమ్మకాన్ని ప్రశ్నించడం సులువు. కష్టమైనది మన వాళ్ల మాటను, మనకు నచ్చిన మాటను ప్రశ్నించడం. బాబాసాహెబ్ ఆ పని ఎట్లా చేశారో చూడండి.

సిద్ధార్థుడు 29వ ఏట ముసలివాణ్ని, రోగిని, శవాన్ని, సన్యాసిని చూసి ఇల్లు విడిచాడన్న కథ బౌద్ధ సంప్రదాయంలో ఎంతో కాలంగా ఉంది. బాబాసాహెబ్ "బుద్ధుడు – ఆయన ధమ్మం" పీఠికలోనే దీన్ని ప్రశ్నించారు. ముసలితనం, రోగం, చావు రోజూ వందలుగా జరిగేవే, 29 ఏళ్ల వరకు ఒక మనిషి వాటిని చూడకుండా ఉండటం ఎట్లా సాధ్యం అన్నారు. దాని బదులు రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ వచ్చిన తగాదాను కారణంగా చూపారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ధమ్మ దీక్ష తీసుకున్న మనిషి, ఆ ధమ్మపు ప్రసిద్ధ కథనే నిలదీశారు. ఆ పుస్తకం ఆయన పోయాక 1957లో వచ్చింది. ఆయన ఇచ్చిన జవాబును కూడా పండితులు పరిశీలిస్తారు. పరిశీలించనివ్వండి. బాబాసాహెబ్ మీద గౌరవం దానివల్ల తగ్గదు, ఆ దారి చూపింది ఆయనే.

కాబట్టి బాబాసాహెబ్ ఫొటో పెట్టి కింద ఏదో మాట రాసి ఫోనులో పంపితే, వెంటనే పదిమందికి పంపకండి. ఏ పుస్తకంలో ఉంది, ఏ ప్రసంగంలో, ఏ సంవత్సరంలో అని అడగండి. ఆయన అనని మాటను ఆయన నోట పెట్టడం ఆయనకు అపచారం. "వేదంలో ఉంది, నోరు మూసుకో" అన్న మాట తప్పయితే, "బాబాసాహెబ్ అన్నారు, నోరు మూసుకో" అన్న మాట ఒప్పు కాదు.

ధమ్మ తరగతులకు పల్లెలకు పోయినప్పుడు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "అన్నా, బుద్ధుడి విగ్రహం ఏ దిక్కున పెడితే కలిసొస్తుంది?" కొందరు బొజ్జ ఉన్న నవ్వే బొమ్మను బుద్ధుడనుకుని డబ్బు కోసం ఇంట్లో పెట్టుకుంటారు. ఆ బొమ్మ గౌతమ బుద్ధుడిది కానే కాదు, చైనాలో బుదాయి అనే భిక్షువుది. గోడ మీద పటం మారి, మనసులో లెక్క మారకపోతే మనం మారింది ఏముంది? పాత దేవుణ్ని అడిగిన వరాలే కొత్త పటాన్ని అడుగుతున్నాం, అంతే.

ఒక్క జాగ్రత్త. ప్రశ్న దెబ్బ కాకూడదు. ఇంట్లో అవ్వ తాయెత్తు కట్టిందంటే మనవడి మీద ప్రేమతో కట్టింది. ఆమెను నలుగురిలో ఎగతాళి చేస్తే అది ద్వేషం, అహంకారం. కాలామ సుత్తం వదలమన్నది వాటినే. పక్కన కూర్చుని, "అవ్వా, తాయెత్తు కట్టినా జ్వరం వచ్చిన పిల్లలు లేరా?" అని మెల్లగా అడగండి. అస్సలాయనుణ్ని బుద్ధుడు అడిగినట్టు అడగండి. జవాబు ఆమె నోటి నుంచే రానివ్వండి.

విహారంలో చర్చించుకోండి

1. ఈ వారం మీరు విన్న "అట" మాట ఒకటి చెప్పండి. దాన్ని ఎవరు చూశారు, ఎట్లా తెలుసుకోవచ్చు?

2. "కొత్త కోడలు అడుగుపెట్టింది, ఇంట్లో గేదె చచ్చింది." ఈ మాటకు దిఙ్నాగుని మూడు పరీక్షలూ పెట్టి చూడండి. ఎక్కడ పడిపోయింది?

3. మీకు బాగా నచ్చిన అభిప్రాయం ఒకటి తీసుకోండి. అది తప్పని తేలాలంటే ఏం కనబడాలి?

4. మీ పిల్లలు మిమ్మల్ని "ఎట్లా తెలుసు?" అని అడిగితే ఇంట్లో ఏం జరుగుతోంది? కసురుతున్నారా, కూర్చోబెట్టి చెబుతున్నారా?

నాలుగో ప్రశ్నకు జవాబు ఇక్కడ చెప్పినా చెప్పకపోయినా, ఈ రాత్రి ఇంట్లో మాత్రం ఇవ్వండి. మనకు దక్కని ప్రశ్నను మన బిడ్డలకు దక్కనిద్దాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!