కట్టెల బేరం ఎండల్లోనే, చెల్లాయ్!

జూన్ ఎండలో చలిమంట గోలేమిటక్కా అని నవ్వుకుంటున్నారా? నవ్వండి. న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో కొత్తగా ఇల్లు కొనుక్కుని, హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్ చూసి మురిసిపోయిన చెల్లెళ్లు కట్టెల బేరమాడాల్సిన కాలం మాత్రం ఇదే. థాంక్స్‌గివింగ్‌కి చుట్టాలొస్తున్నారని అప్పుడు హడావుడిగా ఫోన్ చేస్తే, ఎండు సరుకు ముందే అయిపోయి ఉంటుంది. పచ్చివి అంటగడతారు.

ముందు మీ ఇంట్లో ఉన్నది గ్యాస్‌దో కట్టెలదో చూసుకోండి. స్విచ్ వేస్తే మంటొచ్చేదైతే ఈ ముచ్చట మీకు ఉత్త కాలక్షేపం. బే ఏరియా వాళ్లయితే, ‘స్పేర్ ది ఎయిర్’ హెచ్చరిక ఉన్న రోజున కట్టెలు కాల్చకూడదని కూడా గుర్తుంచుకోండి.

ఇక కొలత. మన ఊళ్లో కట్టెల అడితిలో తూకం వేసి ఇచ్చేవారు. నీళ్లు చల్లి బరువు పెంచే మాయ అమ్మకి బాగా తెలుసు కాబట్టి, ముట్టుకుని చూడందే బేరం కుదిర్చేది కాదు. అమెరికాలో తూకం లేదు, పేర్పుడు కొలత. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల లోతు, ఎనిమిదడుగుల పొడవున సందుల్లేకుండా పేరిస్తే ఒక ‘కోర్డ్’, అంటే 128 ఘనపుటడుగులు. ఇక్కడ తడిపితే లాభం లేదు, వదులుగా పోస్తేనే లాభం. అందుకే ట్రక్కు నిండా తెచ్చి వాకిట్లో గుమ్మరించి ‘ఇదే కోర్డ్’ అంటే నమ్మొద్దు. మామూలు పికప్ ట్రక్కులో అంచులదాకా నీటుగా పేర్చినా సుమారు అర కోర్డే పడుతుంది. ‘ఫేస్ కోర్డ్’ అనే మాట వినబడితే ఇంకా జాగ్రత్త. ఎత్తూ పొడవూ అవే, లోతు మాత్రం ఒక్క కట్టె పొడవే. పదహారంగుళాల కట్టెలయితే అది కోర్డులో మూడో వంతు. చాలా రాష్ట్రాల్లో కోర్డ్ లెక్కనో దాని భాగాల లెక్కనో అమ్మాలని చట్టమే ఉంది. కాబట్టి మొహమాటం వద్దు. పేర్చిన తర్వాత టేపు పెట్టి కొలిచి డబ్బివ్వండి. రసీదు అడగండి.

కొలత కుదిరినా పచ్చివైతే అంతా దండగే. కట్టె రాజుకున్నాక ముందు లోపలి నీరు ఆవిరి కావాలి, ఆ వేడంతా దానికే ఖర్చు. చివర్లనుంచి నురగ కక్కుతూ సుయ్యిమంటుందే, అదే గుర్తు. అలాంటి కట్టె నుంచి వచ్చే చల్లటి పొగ చిమ్నీ గోడలకి జిడ్డు మసిగా పేరుకుంటుంది. క్రియోసోట్ అంటారు దాన్ని. ఏదో ఒకరోజు అదే అంటుకుంటే చిమ్నీ లోపల మంట! మన సరుగుడు పచ్చిగా ఉన్నా మండుతుంది గానీ, ఓక్ అలా కాదు. చీల్చి పేర్చాక ఆరడానికి దానికి రెండేళ్లు పడుతుంది. యాష్ చెట్టు కట్టె త్వరగా ఆరుతుంది. ‘సీజన్డ్’ అని ప్రకటనలో రాసినంత మాత్రాన ఎండినట్టు కాదు. చివర్లు పగుళ్లిచ్చాయా, బెరడు ఊడొస్తోందా చూడండి. రెండు పేళ్లు ఒకదానికొకటి కొట్టి చూడండి: ఎండినవి ఠంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. తేమ కొలిచే చిన్న మీటరు హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. కట్టెని అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద గుచ్చితే 20 శాతం లోపు చూపించాలి. పైపైన గుచ్చితే అబద్ధం చెబుతుంది.

చౌకగా వస్తున్నాయని దూరం నుంచి మాత్రం తేకండి. యాష్ చెట్లని తినేసే పచ్చ పురుగు, ఎమరాల్డ్ యాష్ బోరర్, 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది. అది దూరాలు దాటడానికి జనం కార్లలో వేసుకెళ్లిన కట్టెలే పెద్ద దారి అయ్యాయి. కోట్ల చెట్లు పోయాయి. న్యూయార్క్ రాష్ట్రంలో వేడిచేసి శుద్ధి చేయని కట్టెల్ని, అవి కొట్టిన చోటి నుంచి 50 మైళ్లు దాటించకూడదని నిబంధన. క్యాంపింగ్‌కి వెళ్లేటప్పుడు డిక్కీలో నాలుగు పేళ్లు పడేసుకునే మగవాళ్లకి ఇది కాస్త గట్టిగా చెప్పండి.

ఎన్ని కొనాలంటారా? ఇక్కడ నా మాట కొంచెం చేదు. తలుపుల్లేని ఫైర్‌ప్లేస్ కట్టెల వేడిలో పదో వంతు ఇస్తే గొప్ప. పైగా హీటరు వేడిచేసిన గాలిని కూడా చిమ్నీలోకి లాగేస్తుంది. గ్యాస్ బిల్లు తగ్గుతుందన్న ఆశతో రెండు కోర్డులు దించుకోకండి. అది ముచ్చటకే. ముచ్చటకి ఫేస్ కోర్డ్ చాలు, కానీ మంచి సరుకు కొనండి. నిజంగా ఇల్లు వెచ్చబడాలంటే ఇనప స్టవ్ పెట్టించుకోండి, అప్పుడు కోర్డుల సంగతి ఆలోచిద్దాం.

తెచ్చినవి నేలకి తగలకుండా చెక్క ప్యాలెట్ల మీద, ఇంటి గోడకి దూరంగా పేర్పించండి. చెదలు గోడెక్కకుండా ఉంటాయి. పైన మాత్రమే పట్టా కప్పి, పక్కలు గాలాడనివ్వండి. రంగేసిన చెక్కలు, ప్లైవుడ్, మందు పట్టించిన డెక్ చెక్కలు చిదుగులకైనా పనికిరావు. వాటి పొగ విషం.

బూడిద చల్లారినట్టే కనిపిస్తుంది గానీ అడుగున నిప్పు రోజుల తరబడి ఉంటుంది. కాగితం సంచిలో పోసి గరాజ్‌లో పెట్టకండి. మూతున్న ఇనప డబ్బాలో పోసి ఇంటికి దూరంగా ఉంచండి. చిమ్నీ శుభ్రం చేసే మనిషిని ఈ వేసవిలోనే పిలిపించండి. అక్టోబరు వస్తే అతనూ దొరకడు.