సందేహాలు – సమాధానాలు: ‘కర్రె’ తప్పు మాట కాదు

సందేహం: మా నాయనమ్మ ‘కర్రె బర్రె’ అంటది. నేను బడిలో అట్లనే రాస్తే కొట్టేసి ‘నల్ల’ అని దిద్దారు. కర్రె తప్పా? – ఒక విద్యార్థిని, చిట్యాల

సమాధానం: తప్పు కాదమ్మా. నిఘంటువుల్లో ఇది ‘కఱ్ఱి’ అన్న రూపంలో ఉంది. తమిళంలో కరుప్పు, కన్నడంలో కరి దీనికి చుట్టాలు. కారుచీకటి, కారుమబ్బులలోని ‘కారు’ కూడా ఈ కుటుంబానిదే. అయితే ‘కారు’ విడిగా నిలబడదు. ‘మబ్బు కారుగా ఉంది’ అని ఎవరూ అనరు, ‘కర్రెగ ఉంది’ అని మీ ఊళ్ళో ఈనాటికీ అంటారు. అంటే పుస్తకాల తెలుగులో సమాసాలకే పరిమితమైన పాత విశేషణం మీ నాయనమ్మ నోట పూర్తి ప్రాణంతో ఉంది. పరీక్షలో ‘నల్ల’ రాయి, ఇంట్లో ‘కర్రె’ను మాత్రం వదలకు.

సందేహం: నల్ల, నల్లని ఒకటేనా? నల్లగొండలో ‘గ’ ఎందుకొచ్చింది? – ఒక ఉపాధ్యాయుడు, నార్కట్‌పల్లి

సమాధానం: అర్థం ఒకటే, పని వేరు. ‘నల్ల’ నామవాచకానికి అతుక్కుని ఒక రకానికి పేరు పెడుతుంది: నల్లరేగడి, నల్లజీలకర్ర. ‘నల్లని’ కంటికి కనిపించేదాన్ని వర్ణిస్తుంది. పోతన భాగవతంలో గోపికలు కృష్ణుణ్ణి వర్ణించేటప్పుడు వాడింది ఈ రూపమే. వాడుకలో ‘నల్లటి’ కూడా ఈ పనే చేస్తుంది. నల్ల, కొండ కలిసి ఒకే పేరయ్యాయి కనుక ‘క’ సరళమై ‘గ’ అయింది. కూరగాయలలోనూ అంతే. ‘నల్లని కొండ’ అంటే రెండూ విడిమాటలే, అందుకే ‘క’ మారలేదు.

సందేహం: గ్రీకులో విశేషణం లింగాన్ని బట్టి మారుతుందట. తెలుగులో ఎందుకు మారదు? – ఒక డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

సమాధానం: ప్రాచీన గ్రీకులో నలుపుకు పుంలింగంలో ‘మెలాస్’, స్త్రీలింగంలో ‘మెలైనా’, నపుంసకంలో ‘మెలాన్’. విభక్తిని, వచనాన్ని బట్టి కూడా ఇవి మారేవి. ఇప్పటి గ్రీకులో వాడుకమాట మారి మావ్రోస్, మావ్రీ, మావ్రో అయింది గాని మూడు లింగాలూ నిలిచాయి. పాత మాట సిరాకు పేరైన ‘మెలాని’లో, మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పేరులో మిగిలింది. మన ‘కారు’ సమాసాల్లో మిగిలినట్టే.

తెలుగు విశేషణం నామవాచకానికి ముందు నిలిచినంతసేపు మారదు: నల్ల కుక్క, నల్ల కుక్కలు, నల్ల కుక్కలకు. లింగవచనాలు చూపే బాధ్యత నామవాచకానిది, క్రియది. విశేషణమే నామవాచకమైతే మాత్రం ఆ బాధ్యత దాని మీద పడుతుంది: నల్లవాడు, నల్లది, నల్లవాళ్ళు, నల్లవి. గ్రీకు మూడు రూపాలతో చెప్పే లింగభేదాన్ని తెలుగు ఏకవచనంలో రెండింటితో చెబుతుంది. ఏ భాషలోనైనా విశేషణాన్ని నేర్చుకునేటప్పుడు అది వాక్యంలో ఎక్కడ నిలిచిందో ముందు చూడండి. దాని రూపం ఎందుకు మారిందో, ఎందుకు మారలేదో అక్కడే తెలుస్తుంది.