తప్పు తేలకపోయినా డ్రైవరుకు పరిహారం

బరంపురం దగ్గర 16వ జాతీయ రహదారిపై గాయపడిన లారీ డ్రైవరు, తప్పెవరిదో తేలేదాకా ఆగనవసరం లేదు. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ ప్రకారం తప్పు నిరూపించకుండానే తీవ్ర గాయానికి రూ. 2,50,000, మరణానికి రూ. 5,00,000 కోరవచ్చు. దరఖాస్తు 6 నెలలలోపు చేయడం మేలు. ప్రమాదం విజయవాడలో జరిగినా, బరంపురంలో నివసించేవారు ఇక్కడి ట్రైబ్యునల్‌నే ఆశ్రయించవచ్చు.

జీతానికి పనిచేసే డ్రైవరుకు ఉద్యోగుల పరిహార చట్టం మరో దారి (2025 నవంబరు వరకు 1923 నాటి చట్టం ఉండేది; ఇప్పుడు దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ ఉంది). అక్కడ వయస్సు, వేతనం, గాయాన్ని బట్టి లెక్క కడతారు; గడువు 2 సంవత్సరాలు. తన పొరపాటు ఉన్నా సాధారణంగా హక్కు పోదు, మద్యం సేవించి నడిపితే మాట వేరు. నియామక పత్రం లేనివారు (వారే ఎక్కువ) బత్తా చీటీలు, ట్రిప్ షీట్లు దాచుకోవాలి.

రెండు చట్టాల క్రిందా పరిహారం రాదు. ఎందులో ఎక్కువ వస్తుందో లెక్క చూసుకున్నాకే సంతకం చేయండి.