విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ

గుణదల నుండి బందరు రోడ్డు పట్టి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి దక్షిణానికి తిరిగితే కూచిపూడి వస్తుంది. దానికి చేరువలోనే మొవ్వ గ్రామం ఉంది. పదకర్త క్షేత్రయ్యది ఆ మొవ్వ. పదిహేడవ శతాబ్దంలో ఆయన మువ్వగోపాలుని నాయకునిగా నిలిపి రచించిన పదాలలో అధిక భాగం నాయిక పలుకులే. ఆమె విరహం, ఆమె అలుక, ఆమె ఎత్తిపొడుపు వాటిలో వినిపిస్తాయి. ఆ పదాలు తంజావూరు నాయక రాజుల కొలువు చేరి, దేవదాసీల కంఠాలలో నిలిచి మనదాకా వచ్చాయి. పురుషుడు స్త్రీ గొంతుతో పాడిన ఆ శృంగారాన్ని తెలుగువారు మధురభక్తిగా భావించి తలకెత్తుకున్నారు. మరొక శతాబ్దానికి అదే తంజావూరులో ఒక స్త్రీ తన సొంత గొంతుతో అదే రసాన్ని కావ్యంగా రచించింది. కాలక్రమాన అది ప్రభుత్వ నిషేధానికి గురి అయింది. ఈ భేదం ఏ న్యాయం ప్రకారం ఏర్పడిందని ఒక గ్రంథపీఠికలో నిలదీసి అడిగిన విదుషీమణి బెంగుళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ 1878వ సంవత్సరం నవంబరు 3వ తేదీన మైసూరుకు సమీపంలోని నంజనగూడులో జన్మించారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కులానికి చెందిన స్త్రీ. తండ్రి న్యాయవాది. ఆయన అండ ఆ తల్లీబిడ్డలకు ఎంతో కాలం దక్కలేదు. కుమార్తెను పండితురాలిగా తీర్చిదిద్దాలన్న పట్టుదలతో తల్లి ఆమెకు సంస్కృతం, కన్నడం, తెలుగు, సంగీతం నేర్పించింది. కుమార్తెకు పదునాలుగేండ్లు నిండే నాటికే ఆ తల్లి కన్నుమూసింది. బెంగుళూరులో మునుస్వామప్ప వద్ద సాగిన శిక్షణ నాగరత్నమ్మను త్యాగరాజస్వామి శిష్యపరంపరలో చేర్చింది. ఇరవయ్యవ శతాబ్దారంభంలో ఆమె మద్రాసు చేరి, గాయనిగా, హరికథకురాలిగా పేరు గడించారు. ‘విద్యాసుందరి’ అన్నది ఆమె పేరుకు ముందు నిలిచిన బిరుదు.

దేవదాసీ అన్న మాట నేటి విద్యార్థులకు కొంత వివరించవలసి ఉంది. దేవాలయ సేవకు, రాజాస్థాన కళలకు అంకితమైన స్త్రీలు వీరు. గృహిణులకు అక్షరం ముట్టని కాలంలో వీరు కావ్యాలు చదివారు, పద్యాలు చెప్పారు, ఆస్తిపై హక్కు కలిగి ఉన్నారు. ఆ జీవితంలో పరాధీనత లేదని చెప్పలేము. బాల్యంలోనే నిర్ణయమైపోయే బ్రతుకు అది. పందొమ్మిదవ శతాబ్దం చివర సంఘసంస్కర్తలు ఆ వ్యవస్థపై ఉద్యమించినప్పుడు, దానిలోని అన్యాయంతోపాటు ఆ స్త్రీల పాండిత్యం కూడా నిందకు పాత్రమైంది. నాగరత్నమ్మ కృషిని ఈ నేపథ్యంలో చూడాలి.

తంజావూరును మరాఠా ప్రభువైన ప్రతాపసింహుడు 1739 నుండి 1763 వరకు పాలించాడు. ఆయన కొలువులోని విదుషి ముద్దుపళని. ఆమె రచించిన ‘రాధికా సాంత్వనము’ నాలుగు ఆశ్వాసాల శృంగార ప్రబంధం. తాను పెంచి పెద్దచేసిన ఇళను రాధిక స్వయంగా శ్రీకృష్ణునికి ఇచ్చి వివాహం జరిపిస్తుంది. పిదప ఆ ఎడబాటు భరించలేక దుఃఖిస్తుంది, కోపిస్తుంది. కృష్ణుడు వచ్చి ఆమెను సాంత్వనపరుస్తాడు. నాయకుడు అలుగగా నాయిక బ్రతిమాలడం, నాయిక అలుగగా నాయకుడు బ్రతిమాలడం ప్రబంధాలలో కొత్త కాదు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణము’ లోని సత్యభామ అలుక విద్యార్థులకు తెలిసినదే. అయితే తన చేతులతో మరొకరికి అప్పగించిన ప్రేమను తిరిగి కోరుకొనే నడివయసు స్త్రీ మనస్సు మాత్రం ముద్దుపళని కనిపెట్టిన వస్తువు. కావ్యానికి ప్రాణం అక్కడ ఉంది.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో ముద్దుపళనిని ప్రస్తావించారు. ఆమె భాషాజ్ఞానాన్ని మెచ్చుకున్నారు. కాని గ్రంథంలోని కొన్ని భాగాలు స్త్రీలు వినదగినవి కావనీ, స్త్రీ నోట రాదగినవి అసలే కావనీ తీర్పు చెప్పారు. కవయిత్రి కులాన్ని కూడా ఆ తీర్పులో ప్రస్తావించారు. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించి, స్త్రీవిద్య కొరకు జీవితాంతం పాటుపడిన మహనీయుడు ఆయన. స్త్రీల పట్ల ద్వేషంతో ఆ మాట అనలేదు. ఉత్తమ గృహిణి ఎలా ఉండాలో ఆయన మనస్సులో ఒక రూపం ఉంది. ఆ రూపంలో ముద్దుపళని ఇమడలేదు. ఒక సంస్కర్త హృదయం, ఒక విమర్శకుని చెవి ఎల్లవేళలా ఒకే విధంగా పనిచేయవు.

నాగరత్నమ్మ ఈ కావ్యాన్ని సంపాదించి చదివారు. ఎన్నిసార్లు చదివినా తనివి తీరనంతటి రసవంతమైన గ్రంథమని ఆమె భావించారు. ఆమెకు లభించినది పైడిపాటి వేంకటనరసు పరిష్కరించిన ముద్రిత ప్రతి. 1887లో వెలువడిన ఆ ముద్రణలో కవయిత్రి తన్ను గురించి చెప్పుకొన్న అవతారిక లేదు. నాగరత్నమ్మ శ్రమపడి వ్రాతప్రతిని సంపాదించి, రెండింటినీ సరిచూచి, వదలివేసిన భాగాన్ని యథాస్థానంలో చేర్చి, 1910లో వావిళ్ల వారి ద్వారా ప్రకటించారు.

ఈ పని విలువ అవతారికలో ఏముందో చూస్తే బోధపడుతుంది. మన ప్రబంధకవులు సాధారణంగా తాత తండ్రుల వంశక్రమాన్ని వర్ణిస్తారు. ముద్దుపళని తన నాయనమ్మను, మేనత్తను తలచుకొని స్త్రీల విద్యాపరంపరను వర్ణించింది. పండితులను ధనమిచ్చి సత్కరించిన స్త్రీ, కావ్యాలను అంకితంగా పొందిన స్త్రీ తనవంటిది మరెవరున్నారని సగర్వంగా ప్రశ్నించింది. అవతారిక లేని ముద్రణలో కథ మిగిలింది, పద్యాలు మిగిలాయి. వాటిని వ్రాసిన స్త్రీ మాత్రం మాయమైంది. గ్రంథపరిష్కరణ అంటే అక్షరదోషాలు దిద్దడమేనని తలచేవారు ఈ ఒక్క ఉదాహరణను గమనించాలి. నాగరత్నమ్మ తిరిగి చేర్చినది కొన్ని పద్యాలే అయినా, వాటితో ఒక కవయిత్రి తన పేరుతో, తనవారి పేర్లతో సాహిత్యంలోకి మరల అడుగు పెట్టింది.

పీఠికలో నాగరత్నమ్మ వాదన సూటిగా సాగుతుంది. సిగ్గు, మర్యాద అనేవి స్త్రీలకు మాత్రమే వర్తించి పురుషులకు వర్తించవా అని ఆమె ప్రశ్నించారు. శృంగార వర్ణన దోషమైతే, అంతకుమించిన వర్ణనలు చేసిన మహాకవుల మాటేమిటని అడిగారు. సారంగు తమ్మయ రచించిన ‘వైజయంతీ విలాసము’ను పంతులుగారే పరిశీలించి ముద్రణకు అంగీకరించిన సంగతిని గుర్తుచేశారు. ఈ తర్కానికి అలంకారశాస్త్రం కూడా అండగా నిలుస్తుంది. భరతుడు రసాలలో శృంగారాన్ని మొదట పేర్కొన్నాడు. క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో పదం, వాక్యం, రసం మొదలైన వాటిలో ఔచిత్యాన్ని చర్చించాడు. కవి పురుషుడా స్త్రీయా అన్న ప్రాతిపదికతో ఔచిత్యాన్ని కొలిచే సూత్రం అక్కడ కనిపించదు. ‘స్త్రీవాదం’ అన్న పదం తెలుగు విమర్శలో స్థిరపడడానికి ఎన్నో దశాబ్దాల ముందే, ఆ పదం చెప్పదలచిన ప్రశ్నను నాగరత్నమ్మ అడిగారు.

సమాధానం వాదం రూపంలో రాలేదు. గ్రంథం అశ్లీలమని పత్రికలలో విమర్శలు వెలువడ్డాయి. 1911లో ప్రభుత్వ యంత్రాంగం కదిలి ప్రతులను స్వాధీనం చేసుకొంది. పండితులు కొందరు, ప్రచురణకర్తలైన వావిళ్ల వారు ఎంతగా విన్నవించినా ఫలితం లేకపోయింది. ఆంగ్ల ప్రభుత్వానికి తెలుగు రాదు. అనువదించి చూపిన వాక్యాలను చూచి అది తీర్పు చెప్పింది. రసం అనువాదంలో ఎంత నిలుస్తుందో, అందులోనూ నేరం నిరూపించడానికి చేసిన అనువాదంలో ఎంత నిలుస్తుందో ఊహించడం కష్టం కాదు.

నాగరత్నమ్మ జీవితంలోని రెండవ గొప్ప కార్యం తిరువయ్యారులో జరిగింది. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి సమాధి పాడుపడి ఉన్నదని 1921లో ఆమెకు గురుతుల్యులైన బిడారం కృష్ణప్ప జాబు వ్రాశారు. ఆమె వెళ్లి చూచారు. తన ఆభరణాలు విక్రయించి, ఆ స్థలాన్ని కొని, సమాధిపై ఆలయం నిర్మింపజేశారు. 1926 జనవరిలో కుంభాభిషేకం జరిగింది. అప్పటికి అక్కడ ఆరాధనోత్సవాలను రెండు పురుష బృందాలు పోటీగా నడుపుతున్నాయి. రెండింటికీ ఎన్ని తగవులున్నా ఒక్క విషయంలో ఏకాభిప్రాయం ఉంది. స్త్రీలు సమాధి ఎదుట పాడరాదు. తాను కట్టించిన ఆలయంలో తాను పాడరాదన్న ఈ నియమాన్ని నాగరత్నమ్మ ఆవేశంతో ఎదుర్కొనలేదు. 1927 నుండి స్త్రీలను కూర్చి మూడవ బృందాన్ని ఏర్పరచి, తామే ఆరాధన జరిపారు. 1940 ప్రాంతంలో మూడు బృందాలు ఏకమయ్యాయి. స్త్రీపురుషులు కలసి కూర్చుండి పాడే ఆచారం అప్పటినుండి నెలకొన్నది.

త్యాగరాజ పరంపర కృష్ణాతీరానికి వేరొక మార్గంలో వచ్చింది. మానంబుచావడి వేంకటసుబ్బయ్య శిష్యులైన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, వారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ ద్వారా విజయవాడ ఆ సంగీతానికి ఒక నిలయమైంది. ఈ పరంపరలోని పేర్లన్నీ పురుషులవి. నాగరత్నమ్మ వంటి వారు అడ్డు తొలగించకపోతే, ఆ కృతులు నేర్చిన ఆడపిల్లలకు గురువుగారి సన్నిధిలో పాడే భాగ్యం ఎప్పుడు కలిగేదో.

ఆమె ప్రతి అభిప్రాయమూ నేటివారికి సమ్మతం కాకపోవచ్చు. దేవదాసీ వ్యవస్థను రూపుమాపాలని డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు శాసనమండలిలో ఉద్యమించినప్పుడు, దానిని వ్యతిరేకించిన దేవదాసీల సంఘానికి నాగరత్నమ్మ నాయకత్వం వహించారు. ముత్తులక్ష్మీరెడ్డి తల్లి కూడా ఆ కులంలోనే పుట్టింది. బాలికల బ్రతుకులను కాపాడాలని ఒకరి తపన. తమ కళను, ఆస్తిని, గౌరవాన్ని ఒక్క చట్టంతో తుడిచివేయవద్దని మరొకరి వేదన. 1947లో చట్టం వచ్చింది. బాలికలను అంకితం చేయడం చట్టవిరుద్ధమైంది. దానిని మంచిదని అంగీకరించేవారు కూడా, ఆ స్త్రీలు కాపాడిన విద్యకు తరువాత వచ్చిన గౌరవంలో వారికి దక్కిన భాగం ఎంత స్వల్పమో కాదనలేరు.

‘రాధికా సాంత్వనము’పై నిషేధం టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా ఉన్న 1946-47 కాలంలో తొలగింది. 1952లో వావిళ్ల వారు గ్రంథాన్ని మరల ముద్రించారు. ఆ సంవత్సరమే మే 19వ తేదీన నాగరత్నమ్మ పరమపదించారు. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వెలువడిన భారతీయ మహిళల రచనల సంకలనం ఈ గ్రంథం కథతోనే పీఠికను ఆరంభించి, ముద్దుపళనినీ నాగరత్నమ్మనూ ఇతర భాషల పాఠకులకు పరిచయం చేసింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగా నాగరత్నమ్మ సమాధి ఉంది. ఏటా పుష్య బహుళ పంచమినాడు పంచరత్న కృతుల బృందగానం మొదలయ్యేసరికి స్త్రీలు కూడా అక్కడ వరుసలు తీరి కూర్చుంటారు.